నాన్నగారి మాట కంప్యూటర్‌కు అందాలంటే

ప్రశ్న: మా నాన్నగారికి 78 ఏళ్ళు. నీటికాసుల వల్ల చూపు బాగా తగ్గింది, ఫోన్ తెర కనపడదు. పాటలూ పద్యాలూ వినడం, టైమ్ తెలుసుకోవడం, మాత్రల వేళ గుర్తు చేయడం, ఈ మూడూ నోటిమాటతో జరిగిపోతే చాలు. స్మార్ట్ స్పీకర్ కొనమని అందరూ అంటున్నారు. ఇంట్లో మాట్లాడుకునేది ఎవరి సర్వర్‌కో పోతుందంటే నాకు మనసొప్పడం లేదు. ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉంది: ఐ5, 8 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు లేదు. మా అబ్బాయి బీటెక్ రెండో ఏడాది, పైథాన్ కొంచెం వచ్చు. ఒక వీడియో చూసి మైక్రాఫ్ట్ అనే ఓపెన్ సోర్స్ అసిస్టెంట్ ఎక్కించాడు. అది రిజిస్టర్ చేసుకోమంటుంది, అక్కడే ఆగిపోతుంది. ఓపెన్ సోర్స్ అంటే ఇలాగే ఉంటుందా? తెలుగులో పనిచేసేది అసలు ఉందా? చాట్‌జీపీటీలా మాట్లాడేది ఇంట్లోనే పెట్టుకోవచ్చని మావాడు అంటున్నాడు, నిజమేనా?
ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ముందు మీ అబ్బాయిని ఏమీ అనకండి. తన తప్పేం లేదు, ఆ కంపెనీయే లేదిప్పుడు. మైక్రాఫ్ట్ 2015లో అమెరికాలోని కాన్సస్ సిటీలో మొదలైంది. ఓపెన్ సోర్స్ స్పీకర్ చేసిస్తామని జనం దగ్గర ముందే డబ్బు తీసుకుని నడిచింది. పేటెంట్ కేసులో ఇరుక్కుని, ఉన్నది కాస్తా కరిగిపోయి, 2023 మొదట్లో చేతులెత్తేసింది. ప్రోగ్రామ్ ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు, కాబట్టి ఇప్పటికీ దొరుకుతుంది. చిక్కల్లా ఏమిటంటే, మొదటిసారి ఆన్ చేసినప్పుడు అది కంపెనీ సర్వర్‌కు వెళ్ళి ఒక కోడ్ తెచ్చుకోవాలి. ఆ సర్వర్ లేదు, కోడ్ రాదు.

ఓపెన్ సోర్స్ అంటే ఇలాగే ఉంటుందా అన్నారు. అన్నిటా కాదు గానీ ఈ మాటల యంత్రాల విషయంలో కాస్త ఎక్కువే. ఫ్రాన్స్‌లో స్నిప్స్ అని ఒకటుండేది, మాట ఇల్లు దాటదు అనేదే దాని గొప్ప. 2019 నవంబర్‌లో స్పీకర్లు అమ్మే సోనోస్ కంపెనీ దాన్ని కొనేసింది, కొన్ని వారాలకే బయటివాళ్ళ కోసం ఉన్న సదుపాయం మూసేశారు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ చేసే మొజిల్లా వాళ్ళ డీప్‌స్పీచ్, అదీ మాటను అక్షరాల్లోకి మార్చేదే, ఆగిపోయింది. అక్కడ పనిచేసినవాళ్ళు పెట్టుకున్న కోకీ కంపెనీ 2024 ఆరంభంలో మూతపడింది. వీడియోలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి, ఇవాళ తీసినట్టే కనిపిస్తాయి. కాబట్టి మీ అబ్బాయికి రెండు అలవాట్లు చెప్పండి. ఏ వీడియో అయినా ముందు తేదీ చూడాలి. ఏదైనా ఎక్కించాక నెట్ కేబుల్ పీకి, కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, అప్పుడు మాట్లాడి చూడాలి. అప్పుడూ పలికితేనే అది మీ ఇంటిది.

మైక్రాఫ్ట్‌కు వారసులున్నారు. ఓపెన్‌వాయిస్ఓఎస్ పేరుతో దాన్ని వాడినవాళ్ళే ముందుకు నడుపుతున్నారు. ఇంగ్లీషులో మాట్లాడే ఇల్లయితే నేనూ అదే చెప్పేవాణ్ణి. మీ నాన్నగారికి వద్దు. అందులో నేర్పి పెట్టిన పనులు ఎక్కువగా ఇంగ్లీషు చుట్టూ, యూరప్ భాషల చుట్టూ పెరిగినవి. వాటిని తెలుగులోకి వంచే శ్రమతో మీకు కావలసిన మూడు పనులూ విడిగా చేసుకోవచ్చు.

ఎందుకంటే వాయిస్ అసిస్టెంట్ అనేది నిజానికి ఒక వస్తువు కాదు. పిలుపు పట్టుకునేది ఒకటి, మాటను అక్షరాల్లోకి మార్చేది ఇంకొకటి, ఆ అక్షరాల్లో పనేమిటో తేల్చేది మరొకటి, తిరిగి పలికేది వేరొకటి. ఈ నాలుగింటినీ తలా ఒకరు రాశారు, తెలుగు ఒక్కోదానిలో ఒక్కో మోతాదులో ఉంది. పలకడం ఇప్పుడు బాగానే వస్తోంది. పని తేల్చడం మీ చేతిలో ఉంది. పిలుపు సంగతి తర్వాత చెబుతాను. వినడం దగ్గరే అసలు తంటా.

వినడం అనగానే అందరూ చెప్పే పేరు విస్పర్. చాట్‌జీపీటీ చేసిన ఓపెన్ఏఐ 2022 సెప్టెంబర్‌లో ఉచితంగా వదిలింది, ఇంట్లోనే నడుస్తుంది, ఇంగ్లీషులో చాలా బాగుంటుంది. తెలుగూ వచ్చని జాబితాలో ఉంటుంది. 6,80,000 గంటల ఆడియోతో దానికి చదువు చెప్పారు గానీ అందులో తెలుగు వాటా ఏ మూలకూ రాదు. మీ కంప్యూటర్ మోయగల చిన్న సైజుల్లో అయితే తెలుగు వాక్యం గుర్తుపట్టలేనట్టు వస్తుంది. పైగా అది ఎంత చిన్న మాటనైనా 30 సెకన్ల ముక్కగా సాగదీసుకుని చూస్తుంది. "ఆపు" అన్నా సరే, మిగతా ఖాళీని కూడా నమిలి గానీ జవాబివ్వదు. గ్రాఫిక్స్ కార్డు లేని పాత మెషిన్‌లో ఆ ఆలస్యం తెలిసిపోతుంది. ఇంకో దుర్గుణం, ఎవరూ మాట్లాడకపోతే తనే ఒక వాక్యం కల్పిస్తుంది. నాన్నగారు నిద్రపోతుంటే పాట మొదలైతే ఎలా?

మన దేశంలో తయారైనవాటిలో మద్రాస్ ఐఐటీలోని ఏఐ4భారత్ వాళ్ళ ఇండిక్‌కన్ఫార్మర్ మంచిది. 22 భాషలకు చేశారు, ఉచితం, తెలుగు బాగా వింటుంది. ఎక్కించడానికే కొంచెం ఓపిక కావాలి, ర్యామ్ కూడా గట్టిగా తింటుంది. దాన్ని రెండో విడతకు ఉంచుకోండి.

మొదటి విడతకు నేను చెప్పేది వోస్క్. మాట వినే పాత తరహా ప్రోగ్రామ్, పేరు పెద్దగా వినపడదు. కానీ తెలుగుకు దాని దగ్గర చిన్న మోడల్, అంటే తెలుగు వినడం ముందే నేర్పి పెట్టిన ఫైలు, ఒకటి ఉంది, 60 ఎంబీ లోపే. మాట్లాడుతుండగానే అక్షరాలు పడతాయి, 8 జీబీ మెషిన్‌కు అది లెక్కలోది కాదు. ఊరికే వదిలేసి ఏదైనా మాట్లాడమంటే అదీ తప్పులు రాస్తుంది, ఆ విషయం దాచను. దాని అసలు సుగుణం వేరే ఉంది: నేను ఈ పాతిక మాటలే అంటాను, వీటిలో ఏదో చెప్పు అని ముందే జాబితా ఇవ్వవచ్చు. వ్యాసం రాయమంటే తెల్లమొహం వేసే పిల్లవాడు బిట్ పేపర్ ఇస్తే గట్టెక్కినట్టు, అప్పుడు దాని తీరే మారిపోతుంది. మీకు కావలసినవి మూడు పనులు. మూడు పనులకు పాతిక వాక్యాలు ఎక్కువే.

ఆ జాబితా ఎలా రాస్తారన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంది. మీ అబ్బాయి కూర్చుని "సమయం ఎంత", "సంగీతం ప్రారంభించు" అని రాస్తే నాన్నగారు ఒక్కసారి కూడా ఆ మాట అనరు. ఒక వారం పాటు దగ్గరే నోటుబుక్కు పెట్టుకుని, ఆయన మిమ్మల్ని ఎలా అడుగుతారో అలాగే రాయండి. "టైమెంతయిందమ్మా", "పద్యాలు పెట్టు", "ఇది కాదు, ఇంకోటి", "కాస్త గట్టిగా", "ఇంక చాల్లే". ఆయన "ఆపు" అనరేమో, "తీసెయ్" అంటారేమో. అదే జాబితాలోకి వెళ్ళాలి. మనం యంత్రానికి తగ్గట్టు మాట్లాడడం నేర్చుకోగలం, 78 ఏళ్ళాయనకు ఆ పరీక్ష ఎందుకు పెట్టాలి?

ఇక్కడ మీ అబ్బాయికి ఒక చికాకు ఎదురవుతుంది, ముందే చెబుతున్నాను. జాబితాలో పెట్టిన ప్రతి మాటా ఆ మోడల్‌కు ముందే తెలిసి ఉండాలి. తెలియని మాటను పక్కన పెట్టేసి, ఫలానా మాట నా పదకోశంలో లేదు అని టెర్మినల్‌లో, అంటే ప్రోగ్రామ్ నడిపే కమాండ్ల తెర మీద, ఒక హెచ్చరిక వరుస రాస్తుంది. అంతే, ప్రోగ్రామ్ ఆగదు, నడుస్తూనే ఉంటుంది. ఆ వరుస చూడకపోతే ఆ మాట ఎందుకు వినదో రాత్రంతా బుర్ర గోక్కోవాలి. మన మాటల్లో ఇంగ్లీషు కలిసిన చోట ఇది తరచూ జరుగుతుంది. టైం, టైమ్, టైము మూడూ వేసి చూసి, ఏది తెలుసో దాన్ని ఉంచుకోవాలి. "టైమెంతయిందమ్మా" అని కలిపేసింది తెలియకపోతే "టైం ఎంత అయింది అమ్మా" అని విడగొట్టి రాయాలి. నాన్నగారు కలిపి పలికినా చాలావరకు పట్టుకుంటుంది. ఇంకొకటి, జాబితా చివర ఇవేవీ కావు అని చెప్పే గుర్తు ఒకటి పెట్టాలి, అది ఎలా రాయాలో వోస్క్ వివరాల్లో ఉంటుంది. అది లేదనుకోండి, ఆయన దగ్గినా తుమ్మినా ఉన్న పాతికలో ఏదో ఒకటి ఎంచుకుని ఆ పని చేసేస్తుంది.

పని తేల్చడానికి ఏఐ ఏమీ అక్కర్లేదు. వచ్చిన వాక్యంలో "పద్యం" ఉంటే పద్యాల ఫోల్డర్, "పాట" ఉంటే పాటల ఫోల్డర్, "టైం" ఉంటే గడియారం. పైథాన్ మొదటి సెమిస్టర్‌లో చెప్పినదాంతో అయిపోతుంది.

ఇక పిలుపు. "అలెక్సా" అన్నట్టు ఒక పేరు పెట్టి పిలవాలని మీవాడికి ఉంటుంది. ఓపెన్‌వేక్‌వర్డ్ అని మంచి ప్రోగ్రామే ఉంది. అందులో సిద్ధంగా ఉన్న పిలుపులు "హే జార్విస్", "హే మైక్రాఫ్ట్" లాంటివి. దానికి చదువు చెప్పింది కంప్యూటర్ పలికిన ఇంగ్లీషు గొంతులతో. కొత్త పిలుపు తయారుచేసుకోవచ్చు గానీ ఆ పద్ధతి కూడా ఇంగ్లీషు ఉచ్చారణ మీదే నడుస్తుంది. నా సలహా, పిలుపు వదిలేయండి. బటన్ పెట్టండి. నంబర్లు మాత్రమే ఉండే చిన్న యూఎస్‌బీ కీప్యాడ్ కొని, దానిలో పెద్ద కీ అయిన ఎంటర్ మీద వేలికి తగిలేలా ఒక చొక్కా గుండీ అంటించండి, మంచం పక్కన పెట్టండి. నొక్కితేనే వింటుంది. టీవీలో ఎవరో ఏదో అన్నారని ఉలిక్కిపడదు, ఇంట్లో మాటలు రోజంతా చెవినేసుకుని కూర్చోదు. మీ అసలు భయం కూడా దానితో తీరుతుంది. సరదాగా ఉండదని మీవాడు గొణుగుతాడు, గొణగనివ్వండి.

బటన్ నొక్కిన క్షణం నుంచి జరగాల్సింది వరసలో చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే తప్పిపోతారు. నొక్కగానే ముందు పాట గొంతు పూర్తిగా తగ్గాలి. లేకపోతే స్పీకర్ పాడే పద్యమే మైకులోకి వెళ్ళి నాన్నగారి మాటను మింగేస్తుంది. తర్వాత "టింగ్" మని చిన్న చప్పుడు రావాలి, చూపు లేనివారికి అదే నేను వింటున్నాను అనే సైగ. ఆయన మాట్లాడి ఆగాక, చేసే పనిని ఒక్క ముక్కలో చెప్పాలి: "పద్యాలు పెడుతున్నా". అర్థం కాకపోతే మౌనంగా ఉండకూడదు, "వినపడలేదు, మళ్ళీ చెప్పండి" అనాలి. మౌనమే ఆయన్ను ఎక్కువ కంగారు పెడుతుంది.

మైకు మీద మాత్రం కక్కుర్తి పడకండి. డెస్క్‌టాప్‌కు మైకు ఉండదు, ఎలాగూ కొనాలి. మన ఇళ్ళలో దీనికి అసలు శత్రువు సీలింగ్ ఫ్యాన్. ఫ్యాన్ కింద ఆరడుగుల దూరంలో మైకు పెట్టి ఏ సాఫ్ట్‌వేర్ వేసినా లాభం లేదు. మీటింగుల కోసం అమ్మే యూఎస్‌బీ స్పీకర్‌ఫోన్ అయితే మైకు, స్పీకర్ రెండూ అందులోనే ఉంటాయి, తన శబ్దాన్ని తనే తీసేసుకుంటుంది. అది కుదరకపోతే మామూలు యూఎస్‌బీ మైకు చాలు, నోటికి చేయి చాపినంత దూరంలో ఉండాలి. సీపీయూ డబ్బా మీద పెట్టకండి, లోపలి ఫ్యాన్ అదురు అంతా మైకుకు ఎక్కుతుంది. ఏ అసిస్టెంటూ ఎక్కించకముందే, ఫ్యాన్ తిరుగుతుండగా నాన్నగారి గొంతు పది సెకన్లు రికార్డు చేసి వినండి. మీకే మాట స్పష్టంగా లేకపోతే యంత్రానికి ఎక్కడినుంచి వస్తుంది?

తిరిగి పలకడానికి పైపర్ అనే ప్రోగ్రామ్ వాడండి. తెలుగుకు పద్మావతి, వెంకటేష్, మాయ అనే పేర్లతో గొంతులున్నాయి. ఒక్కో గొంతు ఫైలు 60 ఎంబీ పైచిలుకు, నెట్ అక్కర్లేదు, రాస్‌ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డు మీదే నడిచేది మీ డెస్క్‌టాప్ మీద ఇబ్బంది పడదు. దీన్ని డౌన్‌లోడ్ చేసుకునే పాత చోటు మూసి, ఇప్పుడు ఓపెన్ హోమ్ ఫౌండేషన్ కింద నడుపుతున్నారు, కొత్త చోటు నుంచే తీసుకోండి. అంకెలు మాత్రం దానికి వదలకండి. 7:15 అని ఇస్తే ఎలా చదువుతుందో దాని ఇష్టం. "ఏడుంబావు", "ఏడున్నర", "పావు తక్కువ ఎనిమిది" అని మీరే అక్షరాల్లో రాసి ఇస్తే నాన్నగారు అలవాటుపడిన లెక్కలో పలుకుతుంది. బీపీ, షుగర్ లాంటివి కూడా తెలుగు లిపిలోనే రాయాలి.

నన్నడిగితే మాత్రల విషయంలో పైపర్ కూడా అక్కర్లేదు. మీ గొంతే రికార్డు చేసి పెట్టండి. "నాన్నా, ఎనిమిదైంది, టిఫిన్ తిన్నాక బీపీ మాత్ర" అని మీరు అన్నది రోజూ ఆ వేళకు మోగితే చాలు. మనవడి గొంతు ఇంకా బాగా పనిచేయవచ్చు, తాతలు మనవళ్ళ మాట తొందరగా వింటారు. ఇది గుర్తు చేయడం వరకే. ఏ మాత్ర, ఎన్ని అని కంప్యూటర్‌ను అడిగే ఏర్పాటు అసలు చేయకండి. పూటపూటకూ గడులున్న మాత్రల డబ్బా ఎలాగూ ఉండాలి, ఎందుకంటే కరెంటు పోతుంది.

కరెంటు సంగతి వచ్చింది కాబట్టి. పోయి వచ్చాక కంప్యూటర్ తనంతట తను లేవాలి. బయోస్ సెట్టింగుల్లో, అంటే కంప్యూటర్ లేచేటప్పుడే తెరుచుకునే మొదటి సెట్టింగుల్లో, కరెంటు తిరిగొస్తే ఏం చేయాలి అనే వరుస ఉంటుంది, దాన్ని ఆన్ అయ్యేలా మార్చాలి. పాస్‌వర్డ్ అడగకుండా లోపలికి వెళ్ళాలి, ప్రోగ్రామ్ దానంతటదే మొదలవ్వాలి. ఇంత చేసినా ఒక్కోసారి మర్నాడు పొద్దున "వినపడలేదు" అంటూనే ఉంటుంది. విండోస్ బదులు వేసుకునే ఉచిత వ్యవస్థ లినక్స్‌లో సౌండు పరికరాలకు నంబర్లు ఇస్తారు, రీస్టార్ట్ అయినప్పుడు ఆ నంబర్లు తారుమారు కావచ్చు. నిన్న ఒకటో నంబరు మైకు ఇవాళ రెండోదవుతుంది, ప్రోగ్రామ్ ఇంకా ఒకటో నంబరునే వింటూ ఉంటుంది. మైకును నంబరుతో కాకుండా పేరుతో పట్టుకోమని మీ అబ్బాయికి చెప్పండి. రోజంతా ఆన్‌లో ఉంచితే, 40 వాట్లు లాగుతుందనుకున్నా, రోజుకు దాదాపు ఒక యూనిట్ కాలుతుంది. అదీ లెక్కలో పెట్టుకోండి.

విండోస్ తీసేసి లినక్స్ వేయాలా అంటే, వోస్క్, పైపర్ రెండూ విండోస్‌లోనూ నడుస్తాయి. కాకపోతే విండోస్ 10కు 2025 అక్టోబర్‌తో ఉచిత అప్‌డేట్లు మామూలుగా ఆగిపోయాయి, పాత మెషిన్ విండోస్ 11కు ఒప్పుకోకపోవచ్చు. లినక్స్‌లోనే ఒక రకమైన లినక్స్ మింట్ వేసేయడమే సుఖం.

చాట్‌జీపీటీలాంటిది ఇంట్లో పెట్టుకోవచ్చన్న మాట నిజమే. ఒల్లామా అనే ప్రోగ్రామ్‌తో చిన్న మోడళ్ళు 8 జీబీలో నడుస్తాయి. నడవడం వేరు, పనికిరావడం వేరు. గ్రాఫిక్స్ కార్డు లేకుండా తెలుగు జవాబు మాటమాటగా ఈడ్చుకుంటూ వస్తుంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు పడితే తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు పడతాయి, చాలా మోడళ్ళు తెలుగు మాటను చిన్నచిన్న ముక్కలు చేసి ఒక్కోటీ కూడబలుక్కుంటాయి. చివరికి వచ్చిన జవాబు నిజమో కల్పనో చూసి తేల్చుకునే వీలు నాన్నగారికి లేదు. మీవాడు తన ముచ్చట కోసం తన లాప్‌టాప్‌లో పెట్టుకోనివ్వండి, తాతగారి మంచం పక్కన వద్దు.

ఇదంతా కుదిరి, ఆయనకు అలవాటయ్యాక, లైటూ ఫ్యానూ కూడా మాటతో వేయాలనిపిస్తుంది. అప్పుడు హోమ్ అసిస్టెంట్ అనే, ఇంట్లోని లైట్లనూ ఫ్యాన్లనూ నడిపే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్‌కు వెళ్ళండి. 2023ను దాన్ని చేసేవాళ్ళు మాటల ఏడాదిగా ప్రకటించుకుని ఈ పని మీదే కూర్చున్నారు, పైపర్ రాసినాయన కూడా అక్కడే చేరారు. అందులో కోడ్ రాయకుండానే, ఈ వాక్యం వింటే ఈ పని చెయ్యి అని తెలుగులో టైపు చేసి పెట్టుకోవచ్చు. లైటు, లైట్ లాంటి రెండు రూపాలనూ ఒకే వరుసలో ఇవ్వవచ్చు. మీ నోటుబుక్కులోని వాక్యాలు అక్కడా పనికొస్తాయి. స్విచ్చులు మాత్రం కంపెనీ యాప్ లేకుండా ఇంటి వైఫైలోనే పనిచేసేవి చూసుకుని కొనాలి, లేకపోతే మైక్రాఫ్ట్ కథే మళ్ళీ. ఆ దశకు వచ్చినప్పుడు మీ ఇంట్లో స్విచ్‌బోర్డు లోపల న్యూట్రల్ వైరు ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించి రాయండి, దాన్ని బట్టే ఏది కొనాలో చెప్పగలను.